ఆర్క్ ఫర్నేస్ మోడలింగ్: మెష్ కంటే ముందు తుక్కు యార్డు

మీ ప్రశ్నను నాకు అర్థమైన మేరకు ముందుగా చెప్పుకుంటాను, తేడా ఉంటే సరిదిద్దండి. మీరు హైదరాబాద్‌లో ఎం.టెక్. చేస్తున్నారు, ప్రాజెక్టుకు ఎనిమిది నెలల గడువు ఉంది. 30 టన్నుల ఎలక్ట్రిక్ ఆర్క్ ఫర్నేస్‌లో (గ్రాఫైట్ ఎలక్ట్రోడ్ల కొన నుంచి ఎగిసే విద్యుత్ మెరుపుతో, అంటే ఆర్క్‌తో, ఇనుప తుక్కును కరిగించే కొలిమిలో) తుక్కు వేసింది మొదలు కరిగిన ఉక్కు లాడిల్ అనే పెద్ద బొక్కెనలోకి దిగేదాకా జరిగేదంతా సీఎఫ్‌డీలో, అంటే ప్రవాహాలను కంప్యూటర్‌లో లెక్కగట్టే పద్ధతిలో, సిమ్యులేట్ చేయాలని మీ ఆలోచన. ఆర్క్ ప్రవర్తనకు కాసీ-మేయర్ సమీకరణం సరిపోతుందా, మెష్ (స్థలాన్ని సెల్స్ అనే చిన్న గళ్లుగా విడగొట్టే వల) ఎంత సన్నగా ఉండాలి, ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి అని అడిగారు.

ఫర్నేసుల లెక్కలతోనే నాకు ఇరవై ఆరేళ్లు గడిచాయి. అందుకే నేరుగా చెబుతున్నాను: ఆ పని ఎనిమిది నెలల్లో పూర్తి కాదు. ఎనిమిదేళ్లు ఇచ్చినా, ఆ రూపంలో చేస్తే మెల్ట్ షాపు (ఉక్కు కరిగించే విభాగం) వాళ్లకు పనికొచ్చే జవాబు దాని నుంచి రాదు. ఎందుకో అంకెలతోనే చూద్దాం.

ఒక హీట్‌లో, అంటే ఒక విడత కరిగింపులో, విద్యుత్తు ఇచ్చే సమయం గంట అనుకోండి. 50 హెర్ట్జ్ విద్యుత్తు ఆ గంటలో 1,80,000 ఆవర్తనాలు పూర్తి చేస్తుంది. ఒక్కో ఆవర్తనంలో ప్రవాహం రెండుసార్లు సున్నా దాటుతుంది, ఆర్క్ రెండుసార్లు బలహీనపడి మళ్లీ అందుకుంటుంది. దాన్ని సరిగ్గా పట్టుకోవాలంటే ఒక్కో ఆవర్తనాన్ని కనీసం 200 చిన్న కాల విరామాలుగా, అంటే అడుగులుగా, విడగొట్టి లెక్కించాలి. అంటే గంటకు 3.6 కోట్ల అడుగులు. ప్రతి అడుగులోనూ లక్షల సెల్స్‌లో వేగం, ఉష్ణోగ్రత, అయస్కాంత క్షేత్రం, వికిరణం అన్నీ పరిష్కరించాలి. ఇంత చేసినా లోపల తుక్కు కుప్ప ఆకారం ఎవరికీ తెలియదు. ఐదో నిమిషంలో ఏ ముక్క జారి ఏ ఎలక్ట్రోడ్ మీద పడుతుందో ఏ సమీకరణమూ చెప్పదు. ఆర్క్‌ను మైక్రోసెకన్ల దాకా తరచి చూస్తూ, దాని పక్కనే ఉన్న తుక్కు ఆకారాన్ని ఊహించి రాసుకుంటే ఆ సూక్ష్మతకు అర్థమేముంది?

ఈ ఇబ్బంది వల్లనే ఈ రంగంలో పని మొదటి నుంచీ రెండు పాయలుగా సాగింది. ఒక పాయ ఆర్క్‌నే చదివింది. 1980లలో ఎంఐటీలో జూలియన్ సెకెలీ బృందం ఆర్క్ స్తంభంలో ప్లాస్మా ప్రవాహాన్ని, విద్యుదయస్కాంత బలాలను, ఉష్ణోగ్రతను కలిపి పరిష్కరించింది. ఒకే ఎలక్ట్రోడ్, అక్షం చుట్టూ సౌష్ఠవం, నిలకడైన ప్రవాహం, కింద చదునైన ద్రవం: ఇవీ వాళ్లు పెట్టుకున్న హద్దులు. ఆ హద్దుల్లోనే ఆర్క్ నుంచి ద్రవానికి వేడి ఎలా అందుతుందో ఎంతో నేర్పారు. రెండో పాయ ఫర్నేస్ మొత్తాన్ని చూసింది. ప్రిటోరియాలో బెకర్, క్రెయిగ్, పిస్టోరియస్ 1999లోనూ, లుబ్లియానాలో లోగార్, దోవ్జాన్, ష్క్రియాంత్స్ 2012లోనూ ప్రచురించిన నమూనాలు ఈ కోవలోవి. ఫర్నేస్‌ను కొన్ని మండలాలుగా విడగొడతారు: ఘన తుక్కు, ద్రవ లోహం, ఘన స్లాగ్ (లోహం మీద తేలే మడ్డి), ద్రవ స్లాగ్, వాయువు, కప్పు, గోడలు. ఒక్కో మండలానికి ఒకే ఉష్ణోగ్రత, కొన్ని ద్రవ్యరాశులు. వాటి మార్పును సాధారణ అవకలన సమీకరణాలుగా రాస్తారు. మామూలు ల్యాప్‌టాప్‌లో ఒక హీట్ కొన్ని సెకన్లలో పూర్తవుతుంది. మీ గడువుకు తగినది రెండో పాయే. ఈ పేర్లతో వెతకండి, చదవాల్సింది చాలా దొరుకుతుంది.

అయితే సమీకరణాల జోలికి వెళ్లకముందు ఒక పని చేయండి. ఒకే ఒక్క హీట్ తీసుకుని కాగితం మీద శక్తి పద్దు రాయండి. నా దగ్గరకు శిక్షణకు వచ్చిన ప్రతి ఒక్కరితోనూ మొదటి వారం ఇదే చేయించాను. ఉక్కును గది ఉష్ణోగ్రత నుంచి 1630 డిగ్రీల దాకా తీసుకెళ్లడానికి టన్నుకు సుమారు 380 యూనిట్లు (కిలోవాట్ గంటలు) కావాలి. ఇది థర్మోడైనమిక్స్ నిర్ణయించిన అంకె, ఎవరూ బేరమాడలేరు. స్లాగ్‌కు టన్నుకు మరో 60 యూనిట్లు అనుకోండి. పొగతో పాటు పోయేది 130, గోడలను చల్లబరిచే నీటి ప్యానెళ్లు పట్టుకుపోయేది 55. కూడితే 625. మీటరు చూపే విద్యుత్తు టన్నుకు 430 యూనిట్లయితే మిగతా 195 ఎక్కడి నుంచి వచ్చాయి? బర్నర్లు, కార్బన్, ఆక్సిజన్, ఇనుము కాలడం. పొగ, నీళ్లు, స్లాగ్ అంకెలు ఒక్కో ఫర్నేస్‌లో ఒక్కోలా ఉంటాయి. మీ ఫర్నేస్‌లో ఎంతో మీరే తేల్చాలి.

ఆక్సిజన్ లెక్కలో కొత్తవాళ్లు తరచూ తడబడతారు. ఒక ఘనమీటరు ఆక్సిజన్ కార్బన్‌ను కార్బన్ మోనాక్సైడ్‌గా మారిస్తే వచ్చేది సుమారు 2.7 యూనిట్లు. అదే ఘనమీటరు ఆక్సిజన్ ఆ మోనాక్సైడ్‌ను డయాక్సైడ్‌గా కాలిస్తే వచ్చేది 7 యూనిట్లు. అంటే అసలు సంపద పైన కాలే వాయువులో ఉంది. అది తుక్కు నిండుగా ఉన్నప్పుడు కాలితే ఆ వేడి తుక్కుకు అందుతుంది. తుక్కు కరిగిపోయి చదునైన ద్రవం మిగిలాక కాలితే అందులో ఎక్కువ భాగం పొగగొట్టానికీ గోడలకూ పోతుంది. కాబట్టి మీ మోడల్‌లో ఈ బదిలీ సామర్థ్యాన్ని ఒకే స్థిరాంకంగా పెట్టకండి, మిగిలిన తుక్కుతో పాటు తగ్గేలా రాయండి. ఈ ఒక్క మార్పుతోనే హీట్ చివర్లో వాయు ఉష్ణోగ్రత లెక్క దారికి వస్తుంది.

ఇక విద్యుత్ భాగం. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. ఇది తేలికైన లెక్క, దీని నుంచి వచ్చే జ్ఞానం మాత్రం ఎక్కువ.

ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీలో లైన్ వోల్టేజి 350 అనుకుందాం, ఫేజ్‌కు 202 వోల్టులు. కేబుళ్లు, రాగి బాహువులు, ఎలక్ట్రోడ్లు అన్నీ కలిపి రియాక్టెన్స్ (ఏసీ ప్రవాహానికి దాని అయస్కాంత క్షేత్రం వల్ల వచ్చే అడ్డు) 3 మిల్లీ ఓమ్‌లు, నిరోధం 0.5 మిల్లీ ఓమ్. ఆర్క్ నిరోధం 4.5 మిల్లీ ఓమ్‌లు ఉండేలా ఎలక్ట్రోడ్లను నిలిపామనుకోండి. మొత్తం నిరోధం 5, రెండు అడ్డులనూ కలిపిన ఇంపీడెన్స్ 5.83. ప్రవాహం 34.7 కిలో ఆంపియర్లు. మూడు ఫేజ్‌లకు కలిపి 18 మెగావాట్లు, అందులో ఆర్క్‌లకు చేరేది 16.2. రాగిలో పోయేది 1.8. పవర్ ఫ్యాక్టర్ (ఇంపీడెన్స్‌లో నిరోధం వంతు) 0.86. ఒక్కో ఆర్క్ మీద వోల్టేజి 156. దీనిలో 40 వోల్టుల దాకా ఆర్క్ రెండు కొసల దగ్గర పోతుంది. మిగిలిన దాన్ని మిల్లీమీటరుకు 1.15 వోల్టు చొప్పున పంచితే ఆర్క్ పొడవు దాదాపు 100 మిల్లీమీటర్లు. ఈ 40, 1.15 అనేవి ఈ రంగంలో వాడుకలో ఉన్న స్థూలమైన అంకెలు, ఫర్నేస్ వాతావరణం మారితే అవీ మారతాయి.

ఇప్పుడు ఎలక్ట్రోడ్లను కిందికి దించండి. ఆర్క్ నిరోధం 2.5కు తగ్గింది, మొత్తం నిరోధం 3, అంటే రియాక్టెన్స్‌తో సమానం. గరిష్ఠ శక్తి వచ్చే చోటు ఇదేనని పాఠ్యపుస్తకంలో చదువుకున్నాం. ప్రవాహం 47.6 కిలో ఆంపియర్లకు ఎగబాకుతుంది. గ్రిడ్ నుంచి లాగే శక్తి 20.4 మెగావాట్లు. ఆర్క్‌లకు చేరేది 17. రాగిలో పోయేది 3.4. పోల్చి చూడండి: గ్రిడ్ నుంచి అదనంగా తీసుకున్న 2.4 మెగావాట్లలో ఆర్క్‌లకు దక్కింది 0.8 మాత్రమే. మిగిలిన 1.6 మెగావాట్లు కేబుళ్లను వేడెక్కించడానికి పోయాయి. పవర్ ఫ్యాక్టర్ 0.71కి పడిపోయింది. ఎలక్ట్రోడ్ కొన అరుగుదల ప్రవాహ వర్గంతో పాటు పెరుగుతుంది కనుక గ్రాఫైట్ ఖర్చు కూడా తోడవుతుంది.

అలాగైతే ఎప్పుడూ పొడవైన ఆర్క్‌తోనే నడపవచ్చు కదా అనిపిస్తుంది. దానికి అడ్డు గోడ. ష్వాబే ప్రతిపాదించిన రిఫ్రాక్టరీ (గోడలోని వేడి తట్టుకునే ఇటుక) అరుగుదల సూచిక అంటే ఆర్క్ శక్తిని ఆర్క్ వోల్టేజితో గుణించి, ఎలక్ట్రోడ్ నుంచి గోడకు ఉన్న దూరపు వర్గంతో భాగించడం. దూరం మారదు కాబట్టి పై రెండు స్థితులకు లబ్ధాలు చూస్తే చాలు: పొడవైన ఆర్క్‌కు 2,527, పొట్టి ఆర్క్‌కు 2,023. పొట్టి ఆర్క్‌లో శక్తి కాస్త ఎక్కువే అయినా గోడకు తగిలే సెగ అయిదో వంతు తక్కువ. పొడవైన ఆర్క్ కావాలంటే దాన్ని తుక్కుతోనో నురుగు స్లాగ్‌తోనో కప్పాలి. ఏ నిమిషంలో ఏ ట్యాప్ వోల్టేజి (ట్రాన్స్‌ఫార్మర్‌లో ఎంచుకునే వోల్టేజి మెట్టు) అన్న నిర్ణయమంతా దీనిమీదే నడుస్తుంది. మీ మోడల్ ఈ ఒక్క ప్రశ్నకు నమ్మదగిన జవాబిస్తే ఏ మెల్ట్ షాపు మేనేజరైనా మీకు కుర్చీ వేసి కూర్చోబెడతాడు.

ఇప్పుడు కాసీ-మేయర్ సంగతి. కాసీ సమీకరణం 1939 నాటిది, మేయర్‌ది 1943. రెండూ సర్క్యూట్ బ్రేకర్లలో ఆర్క్ ఆరిపోయే తీరును అర్థం చేసుకోవడానికి పుట్టాయి. వోల్టేజి మినుకుమినుకులు, హార్మోనిక్స్, ఫిల్టర్ల పరిమాణం, పక్క ఫీడర్ మీద ప్రభావం తేల్చాలంటే అవి ఎంతో ఉపయోగం, వాటి కాలమానం మిల్లీసెకన్లు. టన్ను తుక్కు ఎన్ని నిమిషాల్లో కరుగుతుందన్న ప్రశ్నకు మాత్రం సగటు ఆర్క్ నిరోధం చాలు. రెండింటినీ ఒకే ప్రోగ్రాంలో కలపకండి. విద్యుత్ భాగాన్ని పైన చూపినట్టు నిలకడ స్థితి సర్క్యూట్‌గా రాసి, ఒక్కో సెకనుకు ఒకసారి దాని జవాబును ఉష్ణ భాగానికి అందించండి.

మండలాల సమీకరణాలు రాసేటప్పుడు ఎదురయ్యే చిక్కుల్లో మొదటిది కరగడం. చల్లని తుక్కు ముక్క వేడి ద్రవంలో పడగానే కరగదు. ముందు దాని చుట్టూ ఉక్కే పేరుకుని గడ్డకడుతుంది, ముక్క లావెక్కుతుంది, ఆ తరువాత పొర కరిగి, అసలు ముక్క కరగడం మొదలవుతుంది. ద్రవంలో కార్బన్ ఎక్కువుంటే అది ముక్క ఉపరితలంలోకి చొరబడి, కరిగే ఉష్ణోగ్రతను తగ్గిస్తుంది. అందుకే 1538 డిగ్రీలు చేరకుండానే ఇనుము కరగడం చూస్తాం. తుక్కు మందం ఎంత ముఖ్యమో ఒక చిన్న లెక్క చెబుతుంది. టన్ను ఉక్కును 10 మిల్లీమీటర్ల పలకలుగా కోస్తే రెండు వైపులా కలిపి 25 చదరపు మీటర్ల ఉపరితలం. అదే టన్ను 100 మిల్లీమీటర్ల మందపు పలకలుగా ఉంటే రెండున్నర. వేడి లోపలికి వెళ్లే ద్వారం పదో వంతుకు కుంచించుకుపోయింది. మోడల్‌లో తుక్కును ఒకే మండలంగా పెట్టినా, పలుచనిది, మందమైనది అని కనీసం రెండు తరగతులు చేయండి.

రెండో చిక్కు గణితానిది. ఘన తుక్కు చివరి కిలోలు కరుగుతున్నప్పుడు ద్రవ్యరాశి సున్నాకు చేరుతుంది. ఉష్ణోగ్రత సమీకరణంలో హారం అదే. సాల్వర్ (సమీకరణాలను పరిష్కరించే ప్రోగ్రాం) వేసే అడుగు చిన్నదై, ఇంకా చిన్నదై, చివరకు ఆగిపోతుంది. ఉష్ణోగ్రతకు బదులు మొత్తం ఎంథాల్పీని (నిల్వ ఉన్న ఉష్ణశక్తిని) చరరాశిగా పెట్టుకోండి, ఉష్ణోగ్రతను దాని నుంచి రాబట్టండి. తుక్కు ఒక కనీస పరిమాణం కంటే తగ్గగానే మిగిలినదాన్ని శక్తితో సహా ద్రవంలో కలిపి సాల్వర్‌ను మళ్లీ మొదలుపెట్టండి. రెండో బకెట్ తుక్కు వేసినప్పుడూ అంతే, ఆ క్షణంలో ఆపి కొత్త ప్రారంభ విలువలతో సాగాలి. రసాయన చర్యలు క్షణాల్లో, గోడ వేడెక్కడం నిమిషాల్లో జరుగుతాయి కాబట్టి సమీకరణాలు బిగువుగా (ఇంగ్లీషులో స్టిఫ్) ఉంటాయి, మామూలు పద్ధతులు మరీ చిన్న అడుగులు వేయాల్సి వస్తుంది. పైథాన్‌లో సైపై అనే లైబ్రరీ ఇలాంటి సమీకరణాలకు ఇచ్చే బీడీఎఫ్ పద్ధతి చాలు. ఖరీదైన సాఫ్ట్‌వేర్ అవసరం లేదు.

ప్రతి అడుగు తరువాత మూడు శేషాలు అచ్చు వేయించండి: మొత్తం శక్తి, మొత్తం ఇనుము, మొత్తం ఆక్సిజన్. లోపలికి వచ్చింది, బయటకు పోయింది, నిల్వ ఉన్నది సరిపోవాలి. నేను చూసిన విద్యార్థుల ప్రోగ్రాంలలో ఎక్కువగా కనిపించిన తప్పు ఒకటుంది: ఇనుము కాలిన వేడిని స్లాగ్ మండలంలో ఒకసారి, ద్రవ లోహంలో మరోసారి కలపడం. ఫలితాల గ్రాఫులు అందంగానే ఉంటాయి. శేషం చూస్తే తప్ప దొరకదు. వికిరణానికి వాడే దృశ్య గుణకాలకూ ఇదే జాగ్రత్త కావాలి. ఒక ఉపరితలం నుంచి మిగతా అన్నింటికీ పోయే భాగాల మొత్తం ఒకటి కావాలి. తుక్కులో ఎలక్ట్రోడ్ గొయ్యి తవ్వుకుంటూ దిగుతున్న కొద్దీ ఈ గుణకాలు మారుతుంటాయి, ఆ మార్పు రాసేటప్పుడే మొత్తం ఒకటిని దాటిపోతుంది.

ఇక నా అనుభవంలో జరిగిన ఒక సంగతి. ఈ సమాధానంలో నేను మీకు ప్రధానంగా చెప్పదలచుకున్నది ఇందులోనే ఉంది.

కొన్నేళ్ల కిందట ఒక కర్మాగారానికి ఇలాంటి మోడల్ తయారుచేశాను. జనవరి నుంచి మే దాకా హీట్‌లతో సరిచూస్తే టన్నుకు పది యూనిట్ల లోపు తేడాతో సరిపోయింది. జూలై వచ్చేసరికి ప్రతి హీట్‌లోనూ మీటరు మోడల్ కంటే 30 యూనిట్లు ఎక్కువ చూపసాగింది. రెండు వారాలు గోడ ఉద్గారత, ఉష్ణ బదిలీ గుణకాలు, ఆర్క్ సామర్థ్యం తిరగతోడాను. ఒకటి సర్దితే మరొకటి చెడింది. ఒక ఉదయం యార్డు ఫోర్‌మన్ నన్ను పిలిచి, తుక్కు నొక్కి కట్టిన ఒక బేల్‌ను క్రేన్‌తో ఎత్తించి కొద్దిగా వంపించాడు. సందుల్లోంచి నీళ్లు ధారగా కారి ఆయన బూట్లు తడిసిపోయాయి. ముందురోజు రాత్రి కురిసిన వాన అంతా ఆ బేల్స్‌లోనే ఉంది. ఒక బేల్ తూచాం, 412 కిలోలు. వేడి లాడిల్ నిలిపే చోటుకు కాస్త దూరంగా, అయినా ఆ సెగ తగిలేలా ఒక రోజంతా ఉంచి మళ్లీ తూస్తే 403. అంటే టన్నుకు 22 కిలోల నీరు.

కిలో నీటిని మరిగించి, ఆవిరి చేసి, ఆ ఆవిరి 1200 డిగ్రీల పొగతో బయటకు పోయేదాకా వేడెక్కించడానికి సుమారు 5 మెగాజౌళ్లు, అంటే 1.4 యూనిట్లు పడతాయి. 22 కిలోలకు 31 యూనిట్లు. నేను రెండు వారాలుగా వెతుకుతున్న 30 యూనిట్లు ఇవే. పొగ విశ్లేషణ యంత్రం ఆ రెండు వారాలూ హైడ్రోజన్ పెరిగిందని చెబుతూనే ఉంది, నేనే ఆ గడి వైపు చూడలేదు. నీటి ఆవిరి కార్బన్‌తో, మోనాక్సైడ్‌తో కలిసి హైడ్రోజన్ ఇస్తుంది, ఇది తడి తుక్కుకు గుర్తు. ఇంకొక మాట, ఇది మోడల్ కంటే ముఖ్యమైనది: ఫర్నేస్ అడుగున మిగిల్చిన ద్రవ ఉక్కు మీద నీళ్లున్న తుక్కు పడితే పేలుడు జరుగుతుంది, మనుషుల ప్రాణాలు పోతాయి. ఆ రోజే మేము వానాకాలంలో బేల్స్‌ను కప్పు కింద ఉంచాలని, మొదటి బకెట్ అడుగున వేయకూడదని రాసి ఇచ్చాం.

నేను చెప్పదలచుకున్నది ఇదే. ఆర్క్ ఫర్నేస్ మోడల్‌లో పెద్ద అనిశ్చితి ఆర్క్‌లో లేదు, తుక్కు యార్డులో ఉంది. తుక్కులో తేమ ఎంత, మట్టి ఎంత, తుప్పు ఎంత, మందం ఎంత, క్రేన్ తూకం ఎంత నిజం అన్నవి తెలియకుండా మెష్ ఎంత సన్నం చేసినా ఆ లోపం తీరదు. మీ ఎనిమిది నెలల్లో కనీసం ఒక నెల యార్డులో, ప్లాట్‌ఫాం మీద గడపండి.

ప్లాట్‌ఫాం మీద నిలబడితే చెవులతోనే చాలా తెలుస్తుంది. కొత్త బకెట్ వేసి విద్యుత్తు ఇవ్వగానే కర్కశంగా, తెగితెగి వచ్చే మోత, నేల అదురుతుంది. తుక్కు కూలినప్పుడు ఒక్కసారి గర్జించి, ఎలక్ట్రోడ్ స్తంభం పైకి లేస్తుంది. గొయ్యి అడుగున ద్రవం చేరాక మోత నిలకడవుతుంది. స్లాగ్ నురుగు కట్టి ఆర్క్‌ను ముంచగానే మోత అణిగి, పక్క మనిషి మాట వినిపిస్తుంది. ఆ నిమిషాన్ని రాసుకోండి. మీ మోడల్‌లో ఆర్క్ వికిరణం గోడ నుంచి ద్రవం వైపు మళ్లాల్సిన నిమిషం అదే. మీటరులో ప్రవాహపు హెచ్చుతగ్గులు కూడా అప్పుడే తగ్గుతాయి, రెండూ కలిపి చూస్తే నురుగు ఎత్తును మీరు ఊహించి రాయాల్సిన పని ఉండదు.

మన దగ్గర మోడల్ రాసేవాళ్లు ఒక విషయం మరవకూడదు. విదేశీ ప్రచురణల్లో చాలావాటికి నూరు శాతం తుక్కు ఆధారం. మన దేశంలో స్పాంజ్ ఐరన్ (ఖనిజాన్ని కరిగించకుండానే ఆక్సిజన్ తీసేసి చేసిన ఇనుము) వాటా ఎక్కువ. దేశంలో తొలి స్పాంజ్ ఐరన్ కర్మాగారాల్లో ఒకటి మన పాల్వంచలోనే వచ్చింది. 90 శాతం ఇనుము ఉండి, అందులో 90 శాతం లోహ రూపంలో ఉన్న స్పాంజ్ తీసుకుంటే, టన్నులో దాదాపు 116 కిలోల ఇనుప ఆక్సైడ్ మిగిలి ఉంటుంది. దాన్ని కార్బన్‌తో క్షయకరణం చేయడానికి కిలోకు 0.6 యూనిట్లు, అంటే టన్ను స్పాంజ్‌కు 70 యూనిట్లు. బొగ్గుతో చేసిన స్పాంజ్‌లో కార్బన్ బాగా తక్కువ కాబట్టి ఆ కార్బన్ విడిగా ఇవ్వాలి. సిలికా వెంట సున్నం, సున్నం వెంట స్లాగ్ పెరుగుతాయి. బదులుగా, వెలువడే మోనాక్సైడ్ స్లాగ్‌కు మంచి నురుగు ఇస్తుంది. ఈ రెండు వైపులా రాయని మోడల్ మన మెల్ట్ షాపుల్లో నిలబడదు.

డేటా ఎక్కడ దొరుకుతుందంటారా? హైదరాబాద్ చుట్టుపక్కల ఉక్కు కరిగించే చిన్న యూనిట్లలో ఎక్కువగా ఉన్నవి ఇండక్షన్ ఫర్నేసులు, అంటే చుట్టూ ఉన్న తీగచుట్ట అయస్కాంత క్షేత్రంతో లోహాన్ని వేడెక్కించేవి. వాటిలో ఆర్క్ లేదు, కానీ తుక్కు, తేమ, కరగడం, స్లాగ్ లెక్కలు అవే. ఆర్క్ ఫర్నేస్‌కు అనుమతి రాకపోతే కరిగే భాగాన్ని అక్కడ సరిచూసుకోవచ్చు. కంచన్‌బాగ్‌లో 1973లో ఏర్పడిన మిశ్ర ధాతు నిగమ్ వంటి ప్రత్యేక లోహాల కర్మాగారాల ప్రశ్నలు వేరు. అక్కడ రోజుకు ఎన్ని హీట్‌లు తీశామన్న దానికంటే కూర్పు ఎంత కచ్చితంగా వచ్చిందన్నది పెద్ద సంగతి, కాబట్టి శుద్ధి దశ రసాయనానికి బరువు ఎక్కువ ఇవ్వాలి. ఏ కర్మాగారానికి రాసినా మీ గైడ్ ద్వారా, ఏ అంకెలు కావాలో ఒకే పేజీలో రాసి పంపండి. "డేటా ఇవ్వండి" అంటే ఎవరూ స్పందించరు. "నలభై హీట్‌ల లాగ్ షీట్లు, ప్యానెల్ నీటి ఉష్ణోగ్రతలు" అంటే కదులుతారు.

నీటి ఉష్ణోగ్రత అంత చవకైన కొలత మరొకటి లేదు. గంటకు 200 ఘనమీటర్ల నీరు 10 డిగ్రీలు వేడెక్కితే 2.3 మెగావాట్లు గోడ నుంచి పోతున్నట్టు. థర్మామీటరులో ఒక డిగ్రీ తప్పుంటే పది శాతం తప్పు, కాబట్టి లోపలికి వచ్చే, బయటకు వెళ్లే నీటికి పెట్టిన రెండు థర్మామీటర్లనూ ఒకే నీటిలో ముంచి సరిచూడండి. నలభై హీట్‌లలో ఇరవై అయిదింటితో గుణకాలు సర్దండి, పదిహేనింటిని తాకకుండా పరీక్షకు ఉంచండి. సర్దే గుణకాలు అయిదారుకు మించనివ్వకండి. ద్రవ ఉక్కు ఉష్ణోగ్రత, పొగలో వాయువులు, ప్యానెల్ వేడి మూడూ ఒకేసారి సరిపోవాలి. ఉష్ణోగ్రత ఒక్కటే సరిపోయిందంటే రెండు తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయని అనుమానించండి.

సీఎఫ్‌డీ మీద మీకున్న ఇష్టాన్ని వదులుకోమనడం లేదు. మండలాల మోడల్ నిలబడ్డాక చివరి రెండు నెలల్లో ఒక ముక్క ఎంచుకోండి. చదునైన ద్రవం మిగిలిన దశలో ఒక ఆర్క్ కింద ద్రవం ఎలా కలియతిరుగుతుందన్నది మంచి సమస్య. ఆర్క్‌లోని ప్రవాహం తన అయస్కాంత క్షేత్రంతోనే ప్లాస్మాను కిందికి చిమ్ముతుంది. ఆ తోపుడు బలానికి కనీస అంచనా ప్రవాహ వర్గాన్ని శూన్య పారగమ్యతతో గుణించి ఎనిమిది పైతో భాగించడం. మన 34.7 కిలో ఆంపియర్లకు 60 న్యూటన్లు, అంటే ఆరు కిలోల బరువు ఒక పిడికెడు చోట ద్రవాన్ని అదిమినట్టు. అసలు బలం ఆర్క్ పైన, కింద ఎంత వెడల్పుందన్న దాన్ని బట్టి ఇంకా పెరుగుతుంది. ఈ బలాన్ని, ఆర్క్ వేడిని సరిహద్దు షరతులుగా ఇచ్చి, ద్రవాన్ని మాత్రమే పరిష్కరించండి. ఓపెన్‌ఫోమ్ అనే ఉచిత సీఎఫ్‌డీ సాఫ్ట్‌వేర్‌లో చేయదగిన పనే. దాని నుంచి వచ్చే ఉష్ణ బదిలీ గుణకాన్ని మండలాల మోడల్‌కు తిరిగి ఇస్తే రెండు పాయలూ మీ థీసిస్‌లో కలుస్తాయి.

లాగ్ షీట్లు చేతికి వచ్చాక మొదట చేయాల్సింది గడియారాలు కలపడం. ట్రాన్స్‌ఫార్మర్ మీటరు, పొగ విశ్లేషణ యంత్రం, ల్యాబ్ కంప్యూటర్, షిఫ్ట్ ఇన్‌ఛార్జి చేతి గడియారం ఒకే సమయం చూపవు. నాలుగు నిమిషాల దాకా తేడా చూశాను. విద్యుత్తు ఆపిన క్షణం మీటరులో స్పష్టంగా కనిపిస్తుంది, కప్పు తెరవగానే పొగలో ఆక్సిజన్ ఎగబాకుతుంది. పొగ నమూనా గొట్టంలో ప్రయాణించే ఆలస్యాన్ని తీసేసి ఈ రెండు గుర్తులను ఒకదాని మీద ఒకటి పెట్టండి. అలా కలిపిన పది హీట్‌లు, మీ చేతితో రాసిన ఒక హీట్ శక్తి పద్దు ఇక్కడ పెడితే వరుసగా చూసి చెబుతాను.